స్థలచరిత్రముల పరిష్కరణము

గడచిన సంవత్సరమున నొక చిన్నపట్టణమునుండి నలుగురు యువకులు నా యింటికి వచ్చి, తమ యూరిచరిత్రమును వ్రాసి తెచ్చితిమనియు, అచ్చునకుఁ బంపుటకు ముందు దానియందలి వ్యాకరణదోషములను దిద్ది యీయవలసినదనియు నన్నుఁ గోరిరి. ప్రతి యిన్నూఱు పుటలు కలది. అందు దేవాలయశాసనముల నకళ్లు కలవు. కరణాల యిండ్లనుండి సేకరించిన కాగితముల పాఠములు కలవు. వృద్ధులు చెప్పిన మాటలు కలవు. ఊరి చెఱువులు, బావులు, సంతబయలు, వీధులు, చేల పేరులు మొదలగువాని పట్టిక కలదు. నేను పాణినీయము చదివినవాఁడనని విని వారు వచ్చిరి. తప్పు దిద్దుటయే వైయాకరణుని పని యని లోకము తలంచును. ముప్పదియేండ్ల క్రిందట నేనును నట్లే తలంచితిని. ఆ తలంపువలనఁ గలిగిన నష్టమును దరువాతఁ జెప్పెదను. ఆ ప్రతిని మూఁడుమాసములు నాయొద్ద నుంచుకొని చదివి, దిద్దకయే తిరిగి యిచ్చితిని. ఏల దిద్దలేదో వారికి నోటితోఁ జెప్పినది చాలదనియు, నిచ్చట విస్తరించి వ్రాయుట మేలనియుఁ దోఁచినది. ఇట్టి గ్రంథములిప్పుడు తఱచుగా వెలువడుచున్నవి. అందుఁ గొన్ని వ్రాసినవారివలనఁ గాక దిద్దినవారివలనఁ జెడుచున్నవి.

మన గ్రామముల వృత్తాంతములను వ్రాయించి కూర్చిన పెద్దయత్నము కర్నలు కాలిన్ మెకంజీది. అతఁడు 1783లో నీ దేశమునకు వచ్చి, భూమికొలతపనిమీఁదఁ దిరుగుచు, 1821లో మరణించువఱకు లిఖితపుస్తకములను, శాసనప్రతులను, గ్రామవృత్తాంతములను సేకరించెను. ఆతనికిఁ గుడిభుజమైనవాఁడు కావలి వెంకట బొఱ్ఱయ్య. అతఁడు 1803లో గతింపఁగా నతని సోదరుఁడు లక్ష్మయ్య యా పని నడపెను. వారి క్రింద గుమాస్తాలు ఊరూరఁ దిరిగి, కరణములను, అర్చకులను, పెద్దలను బ్రశ్నించి, కవిలెకట్టలను విప్పించి వ్రాసికొన్నవే నేఁడు మనము కైఫియత్తులని వ్యవహరించు గ్రంథములు. మెకంజీ చనిపోయిన పిమ్మట కుంపిణీవా రా సంచయమును గొనిరి. 1828లో విల్సను దాని పట్టికను బ్రకటించెను. కాగితములు పురుగులు తిని పొడియగుచుండఁగా బ్రౌనుదొర తెలుఁగువానిని క్రొత్తకాగితములపై వ్రాయించి నిలిపెను. ఆ ప్రతులు మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమునఁ జేరినవి. కడపలో బ్రౌను పేరిట నున్న భాషాపరిశోధనకేంద్రమువారు ఆ జిల్లా కైఫియత్తులను సంపుటములుగా ముద్రించుట కొనియాడఁదగిన పని.

కైఫియత్తనునది అరబ్బీపదము. 'కైఫ' యనఁగా 'ఎట్లు'. ఎట్లున్నదో తెలుపునది కైఫియత్తు. మన యితిహాసశబ్దము 'ఇతి హ ఆస', ఇట్లుండెనఁట, యను వాక్యమునుండి పుట్టినది. ఒకటి ప్రశ్న, వేఱొకటి యుత్తరము. ఇందలి 'ఆస' యను క్రియారూపము లిట్టు. వక్త తన కన్నులఁ జూడని భూతకార్యమును జెప్పునప్పుడు సంస్కృతవైయాకరణులు లిట్టును విధించిరి. అస్ ధాతువునకు లిట్టునందు భూభావము వచ్చి 'బభూవ' యని కావలసియుండఁగా 'ఆస' యెట్లు సాధువగునని యాక్షేపము వచ్చును. తిఙంతమువలెఁ గానవచ్చు నవ్యయమని దానిని సమర్థింతురు. సూత్రమునకు లొంగలేదని యా పదమును దిద్దివేసిన పూర్వుఁడొక్కఁడైనను లేఁడు. చూడని దానిని జూడలేదని చెప్పు మర్యాద యా రూపమున నిలిచియున్నది. ఈ విషయము మఱల వచ్చును గావున చదువరులు గుర్తుంచుకొనవలయును.

కైఫియత్తులు ప్రమాణములా కావా యని చిరకాలముగా వాదము కలదు. ఆ ప్రశ్నయే సరియైనది కాదు. దేనికిఁ బ్రమాణమని యడుగవలెను. ఒక్క యుదాహరణము చాలును. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు పెక్కింట నొక వృత్తాంతము కానవచ్చును: కాకతి గణపతిదేవమహారాజు ప్రధాని గోపరాజు రామన్న, శాలివాహనశకము 1067 రక్తాక్షి సంవత్సరమున, భాద్రపద బహుళ అమావాస్యనాఁడు సూర్యగ్రహణపుణ్యకాలమందు, గ్రామకరణికములను నిర్ణయించి యిచ్చెనని. శక 1067 క్రీస్తుశకము 1144, 1145 ప్రాంతమునఁ బడును. గణపతిదేవుఁడు రాజ్యమునకు వచ్చినది 1199లో. నడుమ నర్ధశతాబ్దికి మించిన యంతరము కలదు. ఇచ్చట పరిష్కర్త చేయి దురదపెట్టును. నాలుగంకెలలో నొకటి తప్పినదని, 1067 అనుదానిని 1167 చేసిన రాజు సరిపోవును గదా యని తోఁచును. అట్లు దిద్దినచో రాజు సరిపోవును గాని సంవత్సరము సరిపోదు. ఆ కాలమున వచ్చునవి క్రోధి, విశ్వావసువులు, రక్తాక్షి రాదు. మూలమునందలి 1067కును రక్తాక్షికిని బొత్తు చక్కఁగాఁ గుదురుచున్నది. కావున నిది వ్రాయసగాని చేజాఱుట కాదు. పంచాంగగణితము తెలిసినవాఁ డెవఁడో కూర్చి వ్రాసినదే. అదే వాక్యము ఊరూర నించుమించుగా నొకే మాటలతో నుండుటచేత నది యే యూరి జ్ఞాపకమును గాదనియు, కరణములలోఁ జేతులు మాఱుచు వచ్చిన యుమ్మడిపాఠమనియు నేననుకొందును. పండ్రెండవ శతాబ్దిని గూర్చి యది చెప్పునది స్వల్పము. మెకంజీ మనుష్యులు వచ్చి యడిగిననాఁటి కరణము తన మిరాసీకి మూలముగా దేనిని జూపఁదలఁచెనో యది చక్కఁగాఁ జెప్పుచున్నది. తప్పు దిద్దినచో నీ రెండవ ప్రమాణమును బోవును, మొదటిదియు రాదు.

భాషవిషయమును నిట్టిదే. కైఫియత్తులలో ఆమిలు, మొఖాసా, జమాబంది, ఫసలీ, మిరాసీ యని పారసీకపదములు దొరలుచుండును. వాక్యము నాలుగు పంక్తులు సాగి కర్తను మఱచును. సంధి యున్నచోట లేదు, లేనిచోట నున్నది. శకటరేఫసాధురేఫముల కలగాపులగము చెప్పనే యక్కఱలేదు. పండితుఁడు మొఖాసాను 'అగ్రభాగదాన'మని మార్చిన వాక్యము నున్నఁబడును; కాని యా భూమి యే పాలనలో నే షరతుమీఁద నియ్యఁబడినదో తెలిపెడి గుర్తు చెఱిగిపోవును. ఫసలీకి 590 కూడినచో క్రీస్తుశకము వచ్చును. ఆ యేఁటిని శకమునకు మార్చి వ్రాసినవాఁడు సర్కారుకాగితమును జూచి వ్రాసెనో, శాసనమును జూచి వ్రాసెనో చదువరికిఁ దెలియనీయఁడు.

ఊళ్ల పేరులలో నీ దిద్దుబాటు మిక్కిలి ప్రాచీనవ్యాధి. గుంటూరు గర్తపురి యైనది, పెనుకొండ ఘనగిరి యైనది, ఓరుగల్లు ఏకశిల యైనది. ఇవి యర్థము నెఱిఁగి చేసిన భాషాంతరీకరణములు, వానివలన హానిలేదు. ఇంచుక యుపకారమును గలదు, ఆ కాలపువారు తెలుఁగుపేరునకుఁ జెప్పుకొన్న యర్థము తెలియుచున్నది గావున. కందనవోలు విషయము వేఱు. ఆలంపురపు గుళ్లకు ఱాళ్లు తోలిన బండ్లు తుంగభద్ర దాఁటునపుడు ఇరుసులకుఁ గందెన పెట్టుకొనుచోటు గావున నా పేరు వచ్చెనని ప్రతీతి. కందెనకథను నమ్మినను నమ్మకున్నను, చివరి 'వోలు' మాత్రము 'ప్రోలు'. పరుషమునకు వకారము వచ్చి, రేఫము లోపించినది. ఈ మాత్రము లక్షణమును నిర్ణయింపఁగలదు. బండ్లను గూర్చి లక్షణము మాటాడరాదు.

ఈ విచారమునకు చేబ్రోలు మేలైన లక్ష్యము. గుంటూరునకుఁ జేరువనున్న యీ యూరు నేఁడు పెద్ద గ్రామము, ఒకనాఁడు పట్టణము. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతియు, ఆతని మఱదియు నైన జాయసేనాని తన తండ్రి పిన్నచోడుని పేర నిచ్చట చోడేశ్వరాలయమును గట్టించి 1213లో శాసనము వేయించెను. 'నృత్తరత్నావళి'ని రచించినవాఁడితఁడే. ఆ గ్రంథమున మార్గము నాలుగధ్యాయములు, దేశి నాలుగధ్యాయములు. మదరాసునందు రాఘవను గారు 1965లో దానిఁ బ్రకటించిరి. దేశిని మార్గముతో సమానముగా నెంచి, తాను చూచిన యాటలను జూచినట్లు వ్రాసిన యా సేనాని మన పరిష్కర్తలకు గురుస్థానమున నుండఁదగినవాఁడు. ఆతని శాసనమున నూరి పేరు తామ్రపురి. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు కోనేటినడుమ చతుర్ముఖాలయమును గట్టించిన తరువాత చతుర్ముఖపురమనియుఁ బిలిచిరి. జనులు మాత్రము చేబ్రోలనిరి, అదియే నిలిచినది.

సంస్కృతాభిమానియైనవాఁడు తామ్రపురి మొదటి పేరనియు, చేబ్రోలు దాని యపభ్రంశమనియు వ్రాయును. తెలుఁగభిమాని చెంబు, ప్రోలు కలిసి చెంబ్రోలు, చేబ్రోలై, తామ్రపురి దానికి భాషాంతరమనును. చెంబన నేఁడు మనకు నీళ్లపాత్ర. తమిళమున నేఁటికిని రాగికి నా పేరే. ఈ రెండవ పక్షమునే నేను చిరకాలము బోధించితిని. ఇట్లుండఁగా, భీమేశ్వరాలయమును బాగుచేయు సందర్భమున నక్షరములున్న స్తంభమొకటి బయటఁబడఁగా నూరివారు పురావస్తుశాఖవారికిఁ దెలిపిరి. శాసనవిభాగమువారు దానిఁ జదివి 2019 డిసెంబరులోఁ బ్రకటించిరి. బ్రాహ్మీలిపి, సంస్కృతభాష, సాతవాహనరాజు విజయునికాలము, క్రీ.శ. 207. భగవతి శక్తిమాతృకయొక్క యాలయమున కార్తికుఁడనువాఁడు ప్రాసాదమును, మండపమును గట్టించి దక్షిణభాగమునఁ బ్రతిమలను నిలిపెనని తాత్పర్యము. అంతకుముందు నాగార్జునకొండయందలి యెహువుల శాంతమూలుని నాలుగవ శతాబ్దిశాసనమును దక్షిణాపథమునఁ బ్రాచీనతమమైన సంస్కృతశాసనముగా నెంచుచుండిరి. ఆ స్థాన మిప్పుడు చేబ్రోలునకు వచ్చినది.

ఆ ఱాతిపై నూరిపేరు 'తాంబ్రాపే'. తామ్రయుఁ గాదు, తంబయుఁ గాదు. ఆమ్రతామ్రశబ్దములకు ప్రాకృతవ్యాకరణములు ప్రత్యేకముగా విధి చెప్పి అంబ, తంబ యను రూపములను సాధించినవి. మకారరేఫములను గలిపి పలుకునపుడు పెదవులు విడివడుచుండఁగా నడుమ బకారము తానై పుట్టును. తరువాత రేఫము జాఱును. ఈ రెండు మెట్లలో మొదటి మెట్టున నిలిచిన పలుకుబడి తాంబ్రా. సంస్కృతమున శాసనము వ్రాసినవాఁడు తక్కిన మాటలలో సంస్కృతమును పాటించి, యూరిపేరు వచ్చినచోట నూరివారి నోటిరూపమును నిలిపెను. అతఁడు నావంటివాఁడై తామ్రాయని దిద్దియున్నచో, పదునెనిమిది వందల యేండ్లనాఁటి నోటిమాట నేఁడు మనకుఁ జేరెడిది కాదు. దీనివలన నా పూర్వపక్షము పడిపోలేదు గాని సడలినది: తెలుఁగు చెంబు ముందా, తాంబ్రా ముందా యనుటకు ఱాతిసాక్ష్యము రెండవదానివైపున నున్నది. చివరి 'పే' యక్షరమును పురిశబ్దముతో ముడిపెట్టుట మాత్రము తొందరపాటు. ఇంకొక్కమాట. ఈ శాసనమును మొదట జూచినవారు పండితులు గారు; గుడిపనిచోట నక్షరములను జూచి, యిది సున్నము పూయఁదగినది కాదని గ్రహించిన గ్రామస్థులు. అమరావతిదిబ్బ ఱాళ్లలో నెన్ని సున్నపుబట్టీలకుఁ బోయెనో తలంచిన వారి వివేకము విలువ తెలియును.

ఇఁక నా తప్పు. 1984లో నాంధ్రప్రదేశమున కరణము, మునసబు పదవులు రద్దయినవి. ఆ పదవుల గుణదోషవిచార మిచ్చట నప్రస్తుతము. సర్కారులెక్కలు కచ్చేరీలకుఁ జేరినవి. సొంతముగా వ్రాసికొన్న పుస్తకములు మాత్రము ఇండ్ల యటకలపై దిక్కులేక మిగిలినవి. ఆ తరువాత కొన్నియేండ్లకు, ఒక గ్రామమున నొక గృహస్థుఁడు తన తాతగారి చేతిపుస్తకమును నాకుఁ జూపి, చదువరానివ్రాత గావునఁ దిరుగవ్రాసి యీయుఁడని వేఁడెను. పుట లంచులు విఱుగుచుండెను. నాకప్పుడు వ్యాకరణముపైఁ గల యుత్సాహము విషయముపై లేదు. మంచి కాగితముపై ముత్యములవంటి యక్షరములతో వ్రాసితిని. కుచ్చెళ్లలో నున్న భూమిని ఎకరములు చేసితిని. కుమ్మరికుంటక్రింది చేనును కుంభకారతటాకక్షేత్రమంటిని. ఇవి చిన్నతప్పులు, మూలభాషను జూచి యూహింపవచ్చును. పెద్దతప్పు వేఱొకటి. ఆ కరణముగారు ప్రతివాక్యమున 'అట' యని వ్రాసెడివారు: ఫలానావారు వచ్చిరట, చెఱువు తెగినదట, గుడిమాన్య మిచ్చిరట. నడుమ నడుమ 'అట' లేని వాక్యములుండెను. ఆ మాట పునరుక్తదోషముగా నా చెవికిఁ గటువై, అన్నింటను దీసివైచితిని. వాక్యములు నిగనిగలాడినవి.

నా ప్రతి చేతికి వచ్చినదని సంతోషించి యా గృహస్థుఁడు పాతపుస్తకమును గాలువలోఁ గలిపెను. పవిత్రముగా విడిచితిననియే నాతోఁ జెప్పెను. కొన్నియేండ్లకు గుడిమాన్యపు సరిహద్దులమాట వచ్చి, పెద్దలు నా ప్రతిని దెప్పించి చదివించి, యిందులో కరణముగారు తాము చూచి వ్రాసిన దేది, విని వ్రాసిన దేది యని నన్నడిగిరి. చెప్పలేకపోయితిని. లిట్టునకుఁ బరోక్షమే ప్రాణమని విద్యార్థులకు ఱొమ్ము విఱిచి చెప్పినవాఁడను. తెలుఁగున నా పరోక్షమును మోయుచున్న రెండక్షరముల మాటను నా చేతనే చంపితిని. ఆ పుస్తక మిపుడు నా వ్రాతలో మాత్రమే యున్నది.

ఈ యనుభవముతో నా యువకుల ప్రతిని జదివితిని. దానియందుఁ బ్రశంసార్హమైనది వెనుకటి సగము. చేల పేరులను, బావులను, ఎవరి నోట వినిరో, ఏనాఁడు వినిరో వ్రాసి యుంచిరి. 1977 నవంబరు 19 నాఁటి యుప్పెనను గూర్చి వృద్ధులు చెప్పిన మాటలను బలుకుబడి చెడకుండ నెత్తి వ్రాసిరి. ఆ పుటలలో వ్యాకరణదోషములు నూటికి మించి యున్నవి, ఒక్కటియుఁ దీయఁదగినది లేదు. అయితే నీళ్లు ముందు దక్షిణమునుండి వచ్చెనని యొకరును, కాలువగట్టు తెగి పడమటినుండి వచ్చెనని వేఱొకరును చెప్పఁగా, సంగ్రాహకులు రెండింటిని గలిపి సమన్వయవాక్య మొకటి తామే కల్పించిరి. అది యెవరును జెప్పని మాట. ఇరువురి మాటలను వేఱువేఱుగా నుంచి, యెవరి యిల్లెచ్చట నుండెనో చెప్పిన, చదువరియే తెలిసికొనును.

ముందటి సగము నాకు నచ్చలేదు. మొదటి ప్రకరణమున యుగమున కొక్క పేరు చొప్పున నూరికి నాలుగు పేరులను జెప్పి, పురాణపురుషులను రప్పించి, త్రిలోచనపల్లవునిచే నగ్రహార మిప్పించి, తరువాతి పుటలోనే శాసనములకు దిగిరి. స్థలపురాణమును విడువుమని నేననను; అది యూరివారు తమ్ముఁ దామెట్లు తలఁచుకొనిరో చెప్పును. దానిని దాని పేరుతోఁ బ్రత్యేకప్రకరణమున నుంచవలెను. శాసనముల నకళ్లలో పంక్తివిభాగము లేదు, ఱాయి యెచ్చట నున్నదో లేదు, నేఁటి వర్ణక్రమము వచ్చి చేరినది. ఎవరో పండితుఁడు ముందే చేయిచేసికొనెనని 'కూపసమీపమున' వంటి ముక్కలచేతఁ బోల్చుకొంటిని. ఊరిబయటి మాలపల్లె, మాదిగపల్లెలకు నిన్నూఱు పుటలలో నాలుగు పంక్తులు! కైఫియత్తులలో నీ లోపము కలదు. వానిని చెప్పినవాఁడు కరణము, వినినవాఁడు సర్కారు పనివాఁడు. ఈ యువకుల కా నిర్బంధము లేదు. చెఱువు త్రవ్వినవారి మనుమలు నా యూరనే యున్నారు, అడుగుటయే తరువాయి.

ప్రతులను గూర్చి వారితోఁ జెప్పినది యొకటి కలదు. మెకంజీ సంచయము లండనునకుఁ గొంత, కలకత్తాకుఁ గొంత, మదరాసునకుఁ గొంత పోయినది. ఏ యూరి కైఫియత్తు నా యూర మిగిలినది కాదు. తన వృత్తాంతమును జదువుకొనఁగోరిన గ్రామస్థుఁడు మదరాసునకుఁ బోవలసివచ్చెను. కావున మూలకాగితముల ఛాయాచిత్రములను, అచ్చుపుస్తకముకంటె ముందుగా, ఊరిపాఠశాలలో నొకటి, గ్రంథాలయమున నొకటి, దూరమున నొక పరిశోధనశాలలో నొకటిగా నుంచుఁడంటిని. ఇపుడు చేతిఫోనుతోఁ దీయుటకు గడియ పట్టదు. మా కాలమున నంతటి సౌకర్యముండిన నా తప్పు దిద్దుకొనఁగలిగెడివాఁడను. కాగితములను దిరిగి యింటివారికే యీయుఁడనియు, నీటఁ గలుపవద్దని ప్రత్యేకముగా వ్రాసియీయుఁడనియుఁ జెప్పితిని, వారు నవ్విరి.

వారొకటి యడిగిరి: అచ్చులో దోషములు కనఁబడిన జనులు పరిహసింపరా యని. మూలమును మూలముగా నుంచి, మీ సొంతవాక్యములను మాత్రము నాకుఁ బంపుఁడు, వానిని నిర్దయగా దిద్దెదనంటిని. ఈ యేఁటి శ్రావణమున క్రొత్తప్రతి వచ్చినది. శాసనములకుఁ బంక్తులు వేసిరి. పల్లెల ప్రకరణము ముప్పది పుటలైనది. మూఁడవ శాసనమున నేడవ పంక్తిలో నొక యక్షరమును వారు 'బ' యనియు నేను 'వ' యనియుఁ జదువుచున్నాము, ఛాయాచిత్రమునఁ దేలలేదు. మాఘమాసమునఁ జలి తగ్గఁగానే యచ్చటికిఁ బోయి ఱాతిని జూడవలసియున్నది.